రాగం కింద కదిలే నేల

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో స్తంభాల మీద ఒక కచేరీ దాదాపు అయిదు వందల ఏళ్లుగా సాగుతోంది. రంభ ఆడుతోంది. మూడు కాళ్ల భృంగి ఆమెకు నాట్యాచార్యుడు. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ పట్టుకున్నాడు, నందికేశ్వరుడి చేతిలో హుడుక్క ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. శిల్పి దేవతలనే చెక్కినా, వాళ్ల చేతుల్లో పెట్టినవి తన కాలం వాద్యాలే. అందుకే ఆ స్తంభాలు విజయనగర సంగీతంలో ఎవరికి ఏ పని అప్పగించారో కూడా చెబుతాయి. రాగం తీగది, తాళం తోలుది. సృష్టికర్తకే మద్దెల ఇచ్చారంటే తాళం మోసేవాడిని తక్కువగా చూడలేదన్నమాట. అయితే ఈ పంపకంలో ఒక పనికి మాత్రం చోటు లేదు. అందరికంటే కింది స్థాయిలో ఉండి, స్వరం తర్వాత స్వరంగా నడుస్తూ, పైన పాడుతున్న స్వరం ఎలా వినపడాలో నిర్ణయించే పని అది. మన పాటకు ఆ పనిని నేర్పిన వాద్యాల్లో ముఖ్యమైనది ఎలక్ట్రిక్ బేస్ గిటార్. తెలుగు సినిమా పాట వినే ప్రతి చెవికీ అది తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం చాలా చెవులకు తెలియదు.

బేస్ గిటార్ గురించి ఎవరిని అడిగినా సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: అది పాటకు పునాది. ఈ జవాబులో గౌరవం ఉంది గానీ నిజం సగమే ఉంది. పునాది కదలకూడదు, కదిలితే ఇల్లు కూలుతుంది. బేస్ గిటార్ చేసే ముఖ్యమైన పని కదలడమే. గాయకుడు ఒకే స్వరం మీద నిలబడి ఉన్నప్పుడు కింద బేస్ ఒక మెట్టు దిగిందంటే, గాయకుడు ఏమీ చేయకపోయినా ఆ స్వరం రంగు మారిపోతుంది. కదలని ఆధారం మనకు కొత్త కాదు. శతాబ్దాలుగా తంబురా ఆ పని మనకు చేసిపెడుతూనే ఉంది. కాబట్టి బేస్ గిటార్‌ను మరో తంబురాగానో, మరో మద్దెలగానో లెక్కవేస్తే దాని అసలు విశేషం జారిపోతుంది. కదలని శ్రుతి మీద నిలబడిన సంగీతానికి కదిలే నేలను చూపించడం, చూపిస్తూనే రాగాన్ని రాగంగా ఉండనివ్వడం దాని విశేషమని నా వాదన. ఈ రెండో మాట దగ్గరే అభ్యంతరాలు మొదలవుతాయి. వాటికి వెళ్లేముందు మనకు మునుపే ఉన్న మంద్రధ్వనులేమిటో చూడాలి.

మనకు కింది స్థాయి శబ్దం రెండు దారుల్లో ఉంది. మొదటిది తంబురా. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జమం సెకనుకు సుమారు 138 కంపనాలు. తంబురా మంద్ర షడ్జమం అందులో సగం, 69. పంచమం, రెండు షడ్జమాలు, మంద్ర షడ్జమం ఒక చుట్టుగా మోగుతూనే ఉంటాయి. కచేరీ మొత్తంలో ఆ చుట్టు మారదు, మారకపోవడమే దాని ధర్మం. రెండో దారి తోలుది. మృదంగం ఎడమవైపు తొప్పికి రవ్వ ముద్ద అంటించేది దాని గొంతు దించడానికే. అరచేతి మడమతో నొక్కి జార్చినప్పుడు వచ్చే గుంకి, స్వరానికి దగ్గరగా వెళ్లి స్వరం కాకుండానే ఆగిపోతుంది. అనంతపురం మెట్టసీమ జానపద వాద్యం ఉరుములోనూ ఇదే సంగతి. ఒకవైపు తోలు మీద పుల్లతో రాస్తే లోతైన మూలుగు పైకీ కిందికీ జారుతుంది. వాన తక్కువైన సీమలో మేఘం గొంతును అనుకరించే ఆ వాద్యం మంద్రధ్వనిని ఎంత బాగా ఎరిగిందో విన్నవాళ్లకు తెలుసు. అంటే తంబురాకు స్వరం ఉంది, నడక లేదు. తొప్పికీ ఉరుముకూ నడక ఉంది, నిలిచే స్వరం లేదు. స్వరమూ నడకా రెండూ కలిసిన మంద్రవాద్యం మన సంప్రదాయంలో విడిగా ఏర్పడలేదు. అది లోటని అనడం లేదు. ఆ సంగీతం పెట్టుకున్న ప్రశ్నలకు అలాంటి వాద్యం అవసరం పడలేదు, అంతే.

బేస్ గిటార్ పుట్టిన అవసరం వేరు. ‘మల్లీశ్వరి’ విడుదలైన 1951లోనే కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చాడు. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఇలాంటి వాద్యం చేసి అమ్మాడు గానీ అది నిలవలేదు. అప్పటిదాకా ఆ పని మనిషెత్తు డబుల్ బేస్‌ది. దాన్ని మోసుకు తిరగడం కష్టం, బాకాలూ డ్రమ్ములూ మోగే చోట దాని గొంతు వినపడదు, మెట్లు లేని మెడ మీద వేలు ఏ మాత్రం జరిగినా స్వరం తప్పుతుంది. ఫెండర్ మెడ మీద మెట్లు బిగించి స్వరానికి ఖచ్చితత్వం ఇచ్చాడు, కరెంటుతో గొంతు ఇచ్చాడు, మెడలో వేసుకుని నిలబడేలా పరిమాణం తగ్గించాడు. నాలుగే తీగలు, మోగే నిడివి 34 అంగుళాలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 కంపనాలతో మోగుతుంది, పై మూడూ 55, 73, 98 దగ్గర. అంటే మన గాయకుడి మంద్ర షడ్జమం కంటే కిందికి మరికొంత దూరం. వీణ మీద స్థాయికి పన్నెండు మెట్లు ఉన్నట్టే ఇక్కడా పన్నెండు. తేడా ఎక్కడంటే, వీణ తీగను మెట్టు మీద లాగి గమకం పలికించవచ్చు, ఈ లావు తీగలు అంత లొంగవు. ఈ పరిమితిని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత దీంతో పని పడుతుంది.

కదిలే నేల అన్న మాటను ఉదాహరణతో పరీక్షిద్దాం. మోహన రాగం తీసుకుందాం. ‘మాయాబజార్’ వెన్నెల పడవ పాట విన్న తెలుగువాళ్లకు ఆ రాగం పేరు తెలియకపోయినా పరిచయమే. అందులోని గాంధారం మీద గొంతు నిలబడిందనుకోండి. కింద షడ్జమం మోగుతుంటే అది మనకు తెలిసిన గాంధారమే, విచ్చుకున్న స్వరం. గొంతు అక్కడే ఉండగా బేస్ ధైవతానికి దిగితే, అదే స్వరం ధైవతానికి పంచమం అవుతుంది. నిలకడ వస్తుంది, ఆ వెంటనే గొంతు షడ్జమాన్ని తాకితే ఒక దిగులు నీడ పడుతుంది. బేస్ పంచమం మీదికి వెళ్తే ఆ గాంధారమే చతుశ్రుతి ధైవతంలా తేలుతుంది. రిషభం మీదికి వెళ్తే పక్క స్వరం ఒరుసుకున్నట్టు చిన్న బిగువు పుడుతుంది. ఇంతవరకూ బేస్ వాడినవి మోహనంలోని స్వరాలే, పరాయి స్వరం ఒక్కటీ రాలేదు. ఆ హద్దు దాటి రాగంలో లేని శుద్ధ మధ్యమం మీద బేస్ వాలిందంటే, పైన గాంధారం దానికి కాకలి నిషాదంలా మారి ఎక్కడికో చేరాలన్న తహతహతో వేలాడుతుంది. గొంతు ఒక్క స్వరం దగ్గరే ఉంది. వినేవాడి మనసు మాత్రం నాలుగైదు చోట్లకు వెళ్లొచ్చింది. శ్రోత ఈ మార్పును గాయకుడి భావంగానే అనుకుంటాడు, కింద ఏం జరిగిందో పట్టించుకోడు. బేస్ గిటార్‌కున్న బలం అక్కడే ఉంది, దానికి పేరు రాకపోవడానికి కారణమూ అదే.

ఇది మన సంగీతానికి పూర్తిగా పరాయి ఆలోచనా అంటే కాదనే చెప్పాలి. కర్ణాటక సంగీతంలో గ్రహభేదం అనే విద్య ఉంది. రాగంలోని మరో స్వరాన్ని షడ్జమంగా భావించి పాడితే మరో రాగం బయటపడుతుంది. మోహనంలో రిషభాన్ని ఆధారంగా తీసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని తీసుకుంటే హిందోళం, పంచమాన్ని తీసుకుంటే శుద్ధ సావేరి, ధైవతాన్ని తీసుకుంటే శుద్ధ ధన్యాసి. శంకరాభరణం నుంచి ఇలాగే ఖరహరప్రియ, తోడి, కల్యాణి, హరికాంభోజి, నటభైరవి వస్తాయి. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం వంటి గాయకులు దీన్ని కచేరీలో చేసి చూపించి పండితులను ఆశ్చర్యపరిచారు, కొందరిని చికాకుపరిచారు కూడా. అంటే ఆధారం మారితే అవే స్వరాలు వేరే రాగమవుతాయన్న జ్ఞానం మనకు ఉంది. దాన్ని గాయకుడి ప్రతిభగా, అరుదైన విన్యాసంగా దాచుకున్నాం. గ్రహభేదంలో తంబురా కదలదు, గాయకుడు తన ఒత్తిడితో శ్రోత మనసులో ఆధారాన్ని జరుపుతాడు. బేస్ గిటార్ ఆ తర్కాన్ని తిరగేసింది. గాయకుడు కదలడు, కింద ఆధారమే ఒక్క ఆవర్తం పాటు, ఒక్కోసారి అర ఆవర్తం పాటు పక్కకు జరిగి, రాగం మారిపోయే లోపే తిరిగి వస్తుంది. పండితుల విన్యాసంగా ఉన్న ఒక అనుభవం దీనివల్ల హిందూపురం బస్టాండులో రేడియో వినేవాడికీ అందింది. పాటలో ఏదో మలుపు తిరిగిందని అతనికి అర్థమైంది. అర్థం కావడానికి గ్రహభేదం అన్న మాట అవసరం కాలేదు.

తెలుగు పాటలో దీనికి సాక్ష్యం వెతికితే దారి మద్రాసు స్టూడియోలకు తీసుకెళ్తుంది. తెలుగు సినిమా పాట దశాబ్దాల పాటు రూపుదిద్దుకున్నది అక్కడే. కింది స్వరాన్ని కార్డ్‌కు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుకు, తోడుగానే వదిలేయకుండా, దాన్ని స్వతంత్రంగా ఆలోచించే గొంతుగా మార్చిన సంగీత దర్శకుల్లో ముందు చెప్పాల్సిన పేరు ఇళయరాజా. ఆయన గిటార్ వాద్యకారుడిగా ఎదిగినవారు, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చినవారు. ప్రతి వాద్యానికీ స్వరాలు కాగితం మీద రాసిచ్చే పద్ధతి ఆయనది, బేస్‌కు కూడా. ఈ వివరం చిన్నది కాదు. కార్డ్ పేరు చెప్పి వదిలేస్తే వాద్యకారుడు దాని మూలస్వరం మీద నిలబడతాడు. రాసిచ్చినప్పుడు బేస్‌కు తన సొంత బాణీ ఉంటుంది. అది గొంతు పైకి వెళ్తుంటే కిందికి వస్తుంది, గొంతు ఊపిరి తీసుకునే చోట తాను మాట్లాడుతుంది. త్యాగరాజునూ బాఖ్‌నూ ఒక్కచోట స్మరించిన ఆయన 1986 ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్’లో బయటికి కనిపించే ఈ ఎదురు బాణీల ఆలోచనే, సినిమా పాటలో బేస్ గిటార్ వెనక దాక్కుని పనిచేసింది. ‘సాగర సంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988) రెండూ ఆయనకు జాతీయ పురస్కారాలు తెచ్చిన తెలుగు సినిమాలు. రెండిటి కథలూ శాస్త్రీయ కళల చుట్టూ తిరిగేవే. ‘గీతాంజలి’ (1989) అందుకు భిన్నంగా కుర్రకారు ప్రేమకథ. ఈ మూడింటి పాటలనూ గొంతు పక్కనపెట్టి కింది గొంతు మీదే చెవి పెట్టి వింటే, అక్కడ మరో పాట నడుస్తున్నట్టు తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆయన పాటలకు బేస్ వాయించిన శశిధరన్ పేరు అభిమానుల్లో ఇప్పుడు ఎంత ఆదరంగా వినిపిస్తోందో చూస్తే, ఆ రెండో పాటను జనం ఆలస్యంగానైనా కనుక్కున్నారని అనిపిస్తుంది. 1992లో ‘రోజా’తో ఎ.ఆర్. రహమాన్ వచ్చాక కింది స్థాయి శబ్దం ఇంకా స్పష్టమైంది. ఆయన పాటల్లో కీత్ పీటర్స్ బేస్ ఆ స్పష్టతకు మరో చిరునామా.

స్వరం సంగతి ఇది. నడక సంగతి కూడా ఇంతే ముఖ్యం. తాళానికీ రాగానికీ మధ్య నిలబడి రెండు పక్కలా మాట్లాడగల వాద్యం బేస్. డ్రమ్ దెబ్బతో కలిసి మోగినప్పుడు అది తాళంలో భాగం, గొంతుతో పొత్తు కుదిరినప్పుడు రాగంలో భాగం. ఈ పనిలో వాయించడం ఎంతో ఆపడం అంత. ఎప్పుడు మీటాలో, మీటిన తీగను ఎప్పుడు చేత్తో నొక్కి మూయాలో తెలిసినవాడే మంచి బేస్ వాద్యకారుడు. ఒకే స్వరాన్ని పొడుగ్గా వదిలితే పాట వాలుతుంది, పొట్టిగా తుంచితే పాట లేచి నడుస్తుంది. దెబ్బకు వెంట్రుకవాసి వెనక పడితే సోమరితనం లాంటి సుఖం వస్తుంది, ముందు పడితే తొందర వస్తుంది. మృదంగ విద్వాంసుడు గాయకుడి నెరవులో ఎక్కడ దెబ్బ వేయకూడదో తెలుసుకున్నట్టే ఇదీ సాధనతో వచ్చే విచక్షణ. అమెరికాలో జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మోటౌన్ కంపెనీ పాటలకు వాయించిన బాణీలు ఇవాళ్టికీ విద్యార్థులకు పాఠాలు. ఆయన గొప్పదనం ఎక్కువ స్వరాలు వాయించడంలో లేదు. ఏ రెండు స్వరాల మధ్య ఎంత ఖాళీ వదలాలన్న లెక్కలో ఉంది. తాళం మీద మక్కువ ఎక్కువైన మనకు ఈ లెక్క కొత్తది కానక్కర్లేదు, దాన్ని వినే చోటే కొత్తది.

ఇక అభ్యంతరాలు. మొదటిదీ బలమైనదీ రాగం వైపు నుంచి వస్తుంది. రాగానికి షడ్జమం ప్రాణం, దాన్ని కదిలిస్తే రాగం మిగలదు, మిగిలేది రాగంలా అనిపించే బాణీ మాత్రమే అని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. దీనికి చాలామంది చెప్పే సులభమైన జవాబు ఒకటుంది: వయొలిన్ కూడా పరాయిదే, పందొమ్మిదో శతాబ్ది మొదట్లో బాలుస్వామి దీక్షితులు చేపట్టారు, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని మన సొంతం చేశారు. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలన్నీ పలికించి, ఈ వాద్యం మన సంగీతానికి పనికిరాదన్నవాళ్ల నోళ్లు మూయించాడు, కాబట్టి బేస్ గిటార్ కూడా ఇమిడిపోతుంది అని. ఈ జవాబు నాకు చాలదనిపిస్తుంది. వయొలిన్, మాండొలిన్ వచ్చి చేసింది గొంతు పని. రాగం చెప్పినట్టు అవి వంగాయి, పద్ధతి మారలేదు. బేస్ గిటార్ గొంతు పనికి రాలేదు, ఒక కొత్త పద్ధతిని వెంటబెట్టుకుని వచ్చింది. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. అది తెచ్చిన పద్ధతి రాగంతో కలిసి బతకగలదా అన్నదే పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్నకు నా జవాబులో ఒప్పుకోలు కొంత, ఎదురుమాట కొంత ఉన్నాయి. తోడి, సహాన వంటి రాగాల్లో స్వరం ఒక్కచోట నిలబడదు, గమకంలోనే దాని రూపం ఉంది. ఊగుతున్న గాంధారం కింద మెట్టుకు కట్టుబడిన స్వరాన్ని మోగిస్తే రెండూ ఒరుసుకుంటాయి. మెట్లు తీసేసిన బేస్‌తో జారుళ్లు సాధ్యమే. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ 1976 నాటి తొలి ఆల్బమ్‌తోనే ఆ గొంతు ఎంత మానవీయంగా ఉంటుందో ప్రపంచానికి వినిపించాడు. అయినా జారుడు ఒక్కటే గమకం కాదు, కంపితానికి అది బదులు కాదు. అలాంటి రాగాలకు తంబురా చాలు, బేస్ అక్కడ నోరు మూసుకోవడమే మర్యాద. రాగాలన్నీ అలాంటివి కావు. శంకరాభరణం, నటభైరవి, కీరవాణి, గౌరీమనోహరి మేళాల స్వరాలు పాశ్చాత్య సంగీతంలోనూ పరిచితమైన వరసలే. మోహనం వంటి ఔడవ రాగాల్లో స్వరాల మధ్య ఖాళీలు ఎక్కువ. వీటి కింద బేస్ రాగస్వరాలతోనే నడిచినా రాగం చెదరదు. పైపెచ్చు సినిమా పాట ఎన్నడూ తనను కచేరీ అని చెప్పుకోలేదు. నాలుగైదు నిమిషాల్లో కథలోని ఒక మనసును చూపించడం దాని పని. ఆ కొద్ది సమయంలో ఒకే స్వరాన్ని పలు రంగుల్లో చూపే ఉపాయాన్ని నిషేధిస్తే శాస్త్రానికి ఒనగూరేది లేదు, పాటకు నష్టం మాత్రం ఉంది. రాగాన్ని చెరిపిన పాటలు లేవని అనను. వాటిలో చెరిపింది రాగం తెలియని చెయ్యి, ఆ నేరం వాద్యం మీద మోపనక్కర్లేదు.

రెండో అభ్యంతరం లౌకికమైనది. మన జనం పాటలు విన్నవి చిన్న ట్రాన్సిస్టర్లలో, టేపు రికార్డర్లలో, పల్లె గుడి మీద కట్టిన మైకుల్లో. అరచేయంత స్పీకరు 41 కంపనాలను పలికించలేదు. వినపడని వాద్యం పాటను మార్చిందనడం ఊహే కదా అంటారు. దీనికి జవాబు చెవి నిర్మాణంలోనే ఉంది. ఏ తీగ మోగినా మూల కంపనం ఒక్కటే మోగదు, దాని రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కూడా మోగుతాయి. 41 పోయినా 82, 123, 164 మిగులుతాయి. వాటి మధ్య ఉన్న సమదూరాన్ని పట్టుకుని మెదడు లేని 41ని తానే పూరించుకుంటుంది. ధ్వనిశాస్త్రంలో స్థిరపడిన సంగతి ఇది. కాబట్టి శరీరానికి తగిలే బరువు ట్రాన్సిస్టర్‌లో రాలేదన్నది నిజం, స్వరం రాలేదన్నది నిజం కాదు. పైగా బేస్ ముఖ్యంగా చేసేది పై స్వరానికి సంబంధం కల్పించడం. ఆ సంబంధం తెలియడానికి స్వరం గుర్తుపట్టగలిగితే చాలు, గోడలు అదరనక్కర్లేదు. రాయలసీమ పల్లెలో చిన్న రేడియో ముందు కూర్చున్న శ్రోతకు బేస్ గిటార్ అన్న పేరు చేరకపోవచ్చు. అది చేసిన పని చేరింది.

గోడలు అదరడం అన్నాను గనుక మూడో అభ్యంతరం. బేస్ అంటే ఇవాళ ఊరేగింపు డీజే బాక్సుల్లోంచి గుండెల మీద గుద్దే శబ్దం, దానివల్ల ముసలివాళ్లకు నిద్ర లేదు, పసిపిల్లలకు ప్రశాంతత లేదు, అలాంటిదాన్ని పొగడటమేమిటని అడిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే, గురి మాత్రం తప్పింది. బాక్సుల్లో పెంచేది కింది కంపనాల బలాన్ని. బలం పెరిగేకొద్దీ స్వరం స్వరంగా వినపడటం తగ్గుతుంది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జరిగిన కదలిక మోతలో కలిసిపోతుంది. శుభకార్యం పేరుతో అదరగొట్టే ఆ మోతలో బేస్ బాణీ ఏమిటో హమ్ చేసి చూపమంటే చూపగలవాళ్లు అరుదు. అంటే బేస్‌ను ఎక్కువ చేసిన చోటే బేస్ పని అంతరించిపోయింది. బేస్ గిటార్ పక్షాన మాట్లాడేవాడు ఆ రొదకు అందరికంటే ముందు వ్యతిరేకి కావాలి.

నాలుగో ప్రశ్న ఈ కాలానిది. కీబోర్డు మీద ఎడమచేత్తో, లేదా కంప్యూటర్‌లో మౌస్‌తో అవే స్వరాలు వేసుకోవచ్చు కదా, నాలుగు తీగల మనిషి ఎందుకు? ఇళయరాజాయే 1986లో తమిళ ‘పున్నగై మన్నన్’లో కంప్యూటర్ సంగీతం వాడారు, కింది గొంతును యంత్రంతో పలికించడం ఎనభైల నుంచి తెలుగు పాటకూ మామూలైంది. దీన్ని పతనమని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. యంత్రం మోగించినా స్వరాన్ని ఎంచుకున్నది మనిషే, కదిలే నేల అన్న ఆలోచన వాద్యం మారినా బతుకుతుంది. పోయేది మరొకటి. చెయ్యి తీగ మీద ఉన్నప్పుడు ఒక స్వరం నుంచి మరోదానికి వెళ్లే దారి కూడా వినపడుతుంది, వేలు ఒరిసిన శబ్దంతో సహా. పక్కన డ్రమ్ వాయించేవాడు ఒక క్షణం తడబడితే తానూ ఆగి కలుపుకునేవాడు ఉంటాడు. గాయకుడు పదాన్ని కాస్త సాగదీస్తే వెంట సాగేవాడు ఉంటాడు. ఎవరి వాటా వాళ్లు విడివిడిగా రికార్డు చేసి తర్వాత అతికించే పద్ధతిలో ఈ పరస్పరం తగ్గింది. యంత్రం వల్ల జరిగిన నష్టం శబ్దంలో కంటే మనుషుల మధ్య వినికిడిలో ఎక్కువ. తిరిగి కావాలనుకుంటే ఇద్దరు ముగ్గురిని ఒకే గదిలో ఒకేసారి వాయించనిస్తే చాలు.

ఇంత పని చేసే వాద్యానికి పేరెందుకు రాలేదన్నది మిగిలిన ప్రశ్న. మన రికార్డుల మీదా క్యాసెట్ల మీదా గాయకులు, కవి, సంగీత దర్శకుడు ఉండేవారు, వాయించినవాళ్లు సాధారణంగా ఉండేవారు కాదు. ఇది మన ఒక్కరి అలవాటు కాదు. మోటౌన్ కూడా వాద్యకారుల పేర్లు వేసేది కాదు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చేదాకా జేమర్సన్ ఎవరో శ్రోతలకు తెలిసే వీలు లేదు. జేమర్సన్ 1983లో పోయారు, రాక్ సంగీత గౌరవ మందిరంలో చోటు 2000లో దక్కింది. బేస్ విషయంలో ఈ మరపు మరింత సహజమని సమాధానపడటం తేలిక, ఎందుకంటే దాని ఫలితం ఎప్పుడూ మరొకరి గొంతులో కనిపిస్తుంది. లేపాక్షికి వచ్చే యాత్రికులు అందరూ తప్పకుండా చూసేది వేలాడే స్తంభాన్ని. కింద గుడ్డ దూర్చి ఇటునుంచి అటు లాగి, నేలకు ఆనలేదని మురిసిపోతారు. ఆ మండపం కప్పును నిజంగా మోస్తున్న మిగతా స్తంభాల వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. మోయనిదానికి కీర్తి దక్కడంలో తప్పేమీ లేదు, అది నిజంగానే అబ్బురం. మోస్తున్నవాటిని లెక్కపెట్టకపోతే మాత్రం ఆ అబ్బురం కూడా సగమే అర్థమవుతుంది. పక్కవి బరువు పంచుకోబట్టే ఆ ఒక్కటీ వేలాడగలిగింది. గాయకుడి స్వరం గాలిలో నిలబడగలగడం వెనక ఉన్న ఏర్పాటు కూడా ఇలాంటిదే.

కనుక బేస్ గిటార్‌కు గౌరవం ఇవ్వమని అడగడం దయ చూపమనడం కాదు, మన పాటను సరిగ్గా వినమనడమే. సంగీత విమర్శ రాసేవాళ్లు రాగం పేరు, గాయకుడి స్థాయి, కవి పదం దగ్గరే ఆగిపోతున్నారు. ఈ పాట ఇక్కడ ఎందుకు కలుక్కుమనిపిస్తుందని అడిగితే, చాలాసార్లు జవాబు ఆ మూడింటిలో దొరకదు, కింద ఏ స్వరం వచ్చిందో చూస్తేనే దొరుకుతుంది. సంగీతం నేర్పే బడుల్లో శ్రుతిపెట్టె పక్కన ఒక బేస్ గిటార్ పెట్టి, మోహన గాంధారాన్ని విద్యార్థి చేత పాడించి, కింద నాలుగు ఆధారాలు మార్చి వినిపిస్తే, గ్రహభేదం మీద గంటసేపు చెప్పే ఉపన్యాసం పావుగంటలో పూర్తవుతుంది. దానివల్ల షడ్జమం మీద భక్తి తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. కదలని ఆధారం ఎంత విలువైనదో, కదిలే ఆధారాన్ని ఒకసారి విన్న చెవికి ఇంకా బాగా తెలుస్తుంది. పాటలు విడుదల చేసేవాళ్లు వాయించిన ప్రతివాడి పేరూ వేయడం ఇవాళ కష్టం కాదు. క్యాసెట్ అట్ట మీద లేని చోటు తెర మీద పుష్కలంగా ఉంది. శాస్త్రీయ సంగీతం తన తంబురాను తాను ఉంచుకోవాలి, సినిమా పాట తన బేస్‌ను తాను ఉంచుకోవాలి. ఈ రెండింటినీ ఒక్క చెవితోనే వినే తెలుగు శ్రోతకు మాత్రం రెండు రకాల నేలలూ తెలిసి ఉండాలి. నిలిచిన నేల మీద రాగం ఎలా విస్తరిస్తుందో, కదిలే నేల మీద అదే రాగం ఎలా కొత్తగా అర్థమవుతుందో పోల్చి చూసుకోగల అవకాశం మన సినిమా పాట మనకు చేతికిచ్చింది. దాన్ని వాడుకోవడానికి కావాల్సింది పాట వింటున్నప్పుడు ఒక్కసారైనా గొంతును వదిలి కిందికి దిగి వినే అలవాటు, అంతే.